హమ్ మైనస్ 61కి దిగింది, ఇంకా దిగాలి

టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) సెట్టింగ్ అంతా అయిపోయింది. సూది రికార్డు మీద మోపే బరువు 2.0 గ్రాములు, అలైన్‌మెంట్ (సూది కోణం) ప్రొట్రాక్టర్ మీద రెండు చోట్లా సరిపోయింది, సూది లోపలికి లాగకుండా ఆపే యాంటీ స్కేట్ ఓకే. చివరి పాటల్లో "స" అక్షరం కూడా చీలడం లేదు. అయినా సోలో వయొలిన్ రికార్డు పెట్టి, కమాను మెల్లగా నడిచే చోటికి వచ్చేసరికి వెనక నుంచి "మ్‌మ్‌మ్" అని ఒకటే మోత, అదే హమ్. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో కూర్చుని, వయొలిన్‌కి ఇలాంటి శ్రుతిపెట్టె తోడు పెట్టి వినాల్సి వస్తోంది!

మోత ఎక్కువగా 50 హెర్ట్జ్ దగ్గరే ఉంది. అంటే కరెంటు లైనుదే. ఆంప్లిఫయర్ టేప్ అవుట్ (రికార్డింగ్‌కి ఇచ్చే సాకెట్) నుంచి లాప్‌టాప్‌లోకి తీసి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత చప్పుడో) చూశాను. (లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే కొలవాలి, లేకపోతే ఛార్జరే ఇంకో లూప్ (రెండు చోట్ల ఎర్త్ అయి హమ్ పుట్టించే చుట్టు) తయారు చేస్తుంది.) మొదటి రీడింగ్ 50 హెర్ట్జ్ దగ్గర మైనస్ 41 డెసిబెల్ (మైనస్ అంకె పెరిగేకొద్దీ మోత తగ్గినట్టు).

సూది కదలికని సిగ్నల్‌గా మార్చే కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4 మిల్లీవోల్ట్‌లు. దాన్ని ఫోనో స్టేజ్ అనే సర్క్యూట్ దాదాపు వంద రెట్లు చేస్తుంది. దానిపైన, రికార్డు చేసేటప్పుడు తగ్గించిన లోతు స్వరాల్ని తిరిగి లేపే ఆర్‌ఐఏఏ కర్వ్ 50 హెర్ట్జ్‌ని 1000 హెర్ట్జ్ కంటే సుమారు 17 డెసిబెల్ ఎక్కువ లేపుతుంది, అంటే ఏడు రెట్లు. కాబట్టి సూది దగ్గర చీమంత హమ్ చేరినా స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి ఏనుగంత అవుతుంది.

మొదట టీవీ. ఆంప్లిఫయర్‌కి టీవీ ఆడియో వైరు కూడా ఉంది, టీవీకి సెట్‌టాప్ బాక్స్, దానికి వీధి కేబుల్. ఆ కేబుల్ పై అల్లిక ఎక్కడో వేరే చోట ఎర్త్ అయి ఉంటుంది, అదొక లూప్. కేబుల్ పీకగానే మైనస్ 52. పదకొండు డెసిబెల్ ఒక్క దెబ్బకి! ఇంట్లో మాత్రం సీరియల్ టైమ్‌లో పీకొద్దని వార్నింగ్ వచ్చింది.

తర్వాత ఎర్త్. న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య మల్టీమీటర్ పెడితే 11 వోల్ట్‌లు. రెండు మూడు వోల్ట్‌లు దాటితేనే నాకు అనుమానం. గంటస్తంభం దగ్గరి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మీటర్ ముట్టుకోకుండానే, "ఏటి బాబూ, ఎర్తు గోతిలో నీళ్లోసి ఎన్నాళ్లయింది?" అన్నాడు. ఎండలకి మట్టి బీటలు వారి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి రెండు బిందెలు పోశాం. 11 కాస్తా 4 వోల్ట్‌లయింది, హమ్ మైనస్ 55. వేసవిలో వారం వారం పోయమన్నాడు.

ఆ తర్వాత దొరికిన క్లూ బాగుంది. టోన్ఆర్మ్ (సూదిని మోసే చేయి) బయటి అంచు మీద ఉన్నప్పటికంటే లోపలి పాటల దగ్గరికి వచ్చేకొద్దీ హమ్ పెరుగుతోంది. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) తిరుగుతున్నా ఆగినా అంతే, కాబట్టి మోటారు కాదు. ఆర్మ్ లోపలికి వస్తే ఎడమవైపు జరుగుతుంది. ఎడమవైపే ఆంప్లిఫయర్ ఉంది, దాని ట్రాన్స్‌ఫార్మర్‌కి కార్ట్రిడ్జ్ 20 సెంటీమీటర్ల దూరం. ఆంప్లిఫయర్‌ని కింది అరకి, 90 సెంటీమీటర్ల దూరానికి దించితే మైనస్ 61. లోపలికీ బయటికీ తేడా కూడా పోయింది.

ఇక్కడ ఆగిపోయాను. మిగిలిన హమ్ కుడి చానెల్ కంటే ఎడమ చానెల్‌లో 6 డెసిబెల్ ఎక్కువ. టర్న్‌టేబుల్ నుంచి ఆంప్లిఫయర్‌కి వెళ్లే ఆర్‌సీఏ ప్లగ్గులు అటూ ఇటూ మారిస్తే హమ్ కూడా ప్లగ్గుతోపాటే మారింది, అంటే ఆంప్లిఫయర్‌లో తప్పు లేదు. వైరు మార్చినా అంతే. డెక్ (టర్న్‌టేబుల్) లోని ప్రీఆంప్‌కి, అంటే దాని సొంత ఫోనో స్టేజ్‌కి స్విచ్ వేసినా అంతే. కార్ట్రిడ్జ్ బిగించి ఉండే హెడ్‌షెల్ తీసేస్తే మాత్రం నిశ్శబ్దం. ఆర్మ్ గొట్టానికీ గ్రౌండ్ స్క్రూకీ మధ్య 0.4 ఓమ్, అది బాగానే ఉంది. హెడ్‌షెల్ పిన్నులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినా మార్పు లేదు. నా అనుమానం నీలం వైరు మీద. తెలుపు, నీలం రెండూ ఎడమ చానెల్‌వే. నీలం క్లిప్పు కార్ట్రిడ్జ్ పిన్ను మీద వదులుగా ఉన్నట్టుంది, చిటికెన వేలితో కదిపితే "గర్ర్" మంటోంది.

ఫ్యాన్ రెగ్యులేటర్ గొడవ వేరే. 3 మీద పెడితే 100 హెర్ట్జ్ నుంచి పైకి జుయ్యిమంటుంది, 5 మీద పోతుంది. 5 మీద ఫ్యాన్ చప్పుడుకి వయొలిన్ వినబడదు. మే నెలలో విజయనగరంలో ఫ్యాన్ ఆపి పాట వినేంత రసికుణ్ని కాను.

ఏ డెక్ కొనాలని అడిగేవాళ్లకి: నేను ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ తీసుకున్నది 78 స్పీడ్ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) కోసం. రేగా ప్లానర్ 1 ఆర్మ్ దీనికంటే బాగుంటుందని ఒప్పుకుంటాను. కానీ 45 పెట్టాలంటే ప్లాటర్ ఎత్తి బెల్టు మార్చాలి, 78 లేనే లేదు. సూట్‌కేస్ ప్లేయర్లు మాత్రం వద్దు. ఆ సిరామిక్ కార్ట్రిడ్జ్ బరువుకి రికార్డులు అరిగిపోతాయి. డబ్బులు మిగిలితే డెక్ మీద కాదు, సూది మీద పెట్టండి. వీఎం95 కార్ట్రిడ్జ్ బాడీకి సూది ఒక్కటే మార్చుకోవచ్చు.

ముందు కార్ట్రిడ్జ్ వైర్ల నాలుగు క్లిప్పులూ కొత్తవి వేయాలి. రెగ్యులేటర్ కెపాసిటర్ రకానికి మారుస్తాను, ధర కూడా పెద్దగా ఉండదు. తర్వాత పాత మోనో రికార్డులకి కోనికల్ (గుండ్రటి మొన) సూది, 78లకి 3 మిల్ సూది (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు). మామూలు 0.7 మిల్ సూది 78 గాడిలో అడుగుకి జారి దుమ్మునే చదువుతుంది. సాలూరు నుంచి మామయ్య వాళ్ల 78ల పెట్టె దసరాకి వస్తుందట. ఆలోపు ఎడమ చానెల్ మైనస్ 67కి రావాలి, కుడివైపు ఇప్పటికే అక్కడుంది.