సాల్వెంట్ దగ్గర ఆగిపోయిన నా ఇంటర్వ్యూ

గేట్ ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్‌లో పాలిమర్ సైన్స్ తీసుకున్నవాళ్లకీ, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు తయారవుతున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను. నా మొదటి ఇంటర్వ్యూలో ఎలక్ట్రోస్ప్రే మీద, అంటే హై వోల్టేజ్‌తో పాలిమర్ ద్రావణాన్ని సూది నుంచి చుక్కలుగా చిమ్మి పార్టికల్స్ చేసే పద్ధతి మీద, ఒక ప్రశ్న అడిగారు: "పీఎల్‌జీఏని (మందు మోసే పార్టికల్స్‌కి వాడే పాలిమర్) డైక్లోరోమీథేన్ బదులు డీఎంఎఫ్‌లో (డైమిథైల్‌ఫార్మమైడ్ అనే సాల్వెంట్) కరిగించి స్ప్రే చేస్తే ఏమవుతుంది?" పార్టికల్ సైజు మారుతుందన్నాను. "ఎందుకు?" అన్నారు. నోరు పెగల్లేదు. బాయిలింగ్ పాయింట్లు కంఠతా వచ్చు: ఒకటి 40 డిగ్రీలు, ఇంకొకటి 153. అవి దేనికి పనికొస్తాయో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ తర్వాత బాయిలింగ్ పాయింట్ల టేబుల్ పక్కన పెట్టి, సూది మొన నుంచి కలెక్టర్ (చుక్కలు వచ్చి పడే ఫాయిల్) దాకా ఒక్క చుక్క వెంటే వెళ్లడం మొదలుపెట్టాను.

డీఎంఎఫ్ డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్ దాదాపు 37, డైక్లోరోమీథేన్‌ది 9. డీఎంఎఫ్ ద్రావణానికి సాధారణంగా కండక్టివిటీ కూడా ఎక్కువే. అందుకే టేలర్ కోన్ (వోల్టేజ్‌కి సూది మొన దగ్గర కోన్‌లా సాగిన ద్రవం) నుంచి జెట్ సన్నగా వస్తుంది, చుక్కలు చిన్నవవుతాయి. గాల్లో సాల్వెంట్ ఆవిరవుతుంది కానీ చార్జ్ చుక్కలోనే ఉండిపోతుంది. చుక్క చిన్నదయ్యేకొద్దీ చార్జ్‌ల వికర్షణ పెరిగి, సర్ఫేస్ టెన్షన్ ఆపలేని స్థితికి వస్తే చుక్క చీలిపోతుంది. 1882లో రేలీ చెప్పిన హద్దు ఇదే. ఈలోగా పాలిమర్ గొలుసులు తగినంత చిక్కుపడితే చీలకుండా నిలుస్తుంది. మరీ చిక్కుపడితే పార్టికల్స్ బదులు దారాలొస్తాయి.

నాకు బాగా ఎక్కింది మాత్రం పాల మీద మీగడతో. డైక్లోరోమీథేన్ త్వరగా ఎగిరిపోతుంది. గొలుసులు లోపలికి జరిగే టైం ఉండదు, పైన పొర కట్టేస్తుంది. లోపలి సాల్వెంట్ కూడా పోయాక ఆ పొర కుంగి గుంటలు పడుతుంది, లేదా లోపల బోలుగా మిగులుతుంది. పెక్లే నంబర్ (సాల్వెంట్ ఆవిరయ్యే వేగానికీ, గొలుసులు లోపలికి జరిగే వేగానికీ ఉన్న నిష్పత్తి) ఎక్కువ అంటే ఇదే.

డీఎంఎఫ్‌కి కష్టం వేరు, అది మెల్లగా ఆవిరవుతుంది. మా ల్యాబ్‌లో రెండు ఫాయిల్స్ పక్కపక్కన పెట్టి చూశాను. డైక్లోరోమీథేన్ ఫాయిల్ మీద తెల్లటి పొడి, వేలితో తాకితే అంటుకుంది. డీఎంఎఫ్ ఫాయిల్ మీద తడి మరకల్లా మెరుపు. చుక్కలు ఆరకుండానే వచ్చి పడి, అట్టులా పరుచుకున్నాయి. ఆ రెండు ఫాయిల్స్ చూశాక మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

న్యూమరికల్స్‌కి ఒక్క లెక్క చాలు: చుక్క వ్యాసం 20 మైక్రాన్లు, పాలిమర్ వాల్యూమ్ 2.7 శాతం. సాల్వెంట్ పోయాక పాలిమరే మిగులుతుంది, వ్యాసం వాల్యూమ్ ఘనమూలాన్ని బట్టి తగ్గుతుంది. 0.027కి ఘనమూలం 0.3, కాబట్టి గట్టి పార్టికల్ 6 మైక్రాన్లు. బోలుగా ఉంటే ఇంకా పెద్దది. ఎన్‌ఏటీ (జవాబు నంబర్‌గా టైప్ చేసే ప్రశ్న)కి నెగెటివ్ మార్కుల్లేవు, వదలకండి.

రెండో ఇంటర్వ్యూలో అసిటోన్ అడిగారు. 56 డిగ్రీలు, డైఎలెక్ట్రిక్ 21 అని మొదలుపెట్టి చుక్కను కలెక్టర్ దాకా తీసుకెళ్లాను. చివర్లో, మందు మోసే పార్టికల్స్‌లో మిగిలిపోయే సాల్వెంట్ సంగతేంటి అన్నారు. ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) పరిమితులు మీ నోట్స్‌లో తప్పకుండా రాసుకోండి: డైక్లోరోమీథేన్ 600 పీపీఎం, డీఎంఎఫ్ 880, క్లోరోఫామ్ 60 మాత్రమే.