రెండో రిసీవర్ సరైన స్థానమే చూపిస్తోంది

1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా నుంచి బోస్టన్‌కు వెళ్తూ నాన్‌టకెట్ దీవి దగ్గర ఇసుకమేటల్లో చిక్కుకుపోయింది. ఓడ బయలుదేరిన గంటలోపే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. అయినా రిసీవర్ మూగబోలేదు; ఓడ వేగం, దిశల ఆధారంగా తానే అంచనా కట్టి స్థానాన్ని చూపిస్తూ పోయింది. గాలి, ప్రవాహం ఓడను ఎంత పక్కకు నెడుతున్నాయో ఆ అంచనాకు తెలియదు కనుక, 34 గంటలు గడిచేసరికి ఓడ తన దారికి 17 మైళ్లు ఎడంగా ఉంది. ఈ ఉదంతంలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది వేరే ఉంది: నేలమీది ప్రసార కేంద్రాల ఆధారంగా నడిచే లోరాన్-సి రిసీవర్ కూడా ఆ ఓడలో ఉంది, సరిగ్గా పనిచేస్తూనే ఉంది. ఆ రెండింటినీ పోల్చి చూసినవారే లేరు.

జీపీఎస్‌తోపాటు యూరప్ వారి గెలీలియో, రష్యా వారి గ్లోనాస్ ఉపగ్రహ వ్యవస్థలు కూడా అందుతున్నప్పుడు వేరే ప్రత్యామ్నాయం ఎందుకని చాలామంది అడుగుతారు. ఒక వ్యవస్థ లోపలి పొరపాటుకు అది మంచి సమాధానమే. 2019 జూలైలో గెలీలియో సేవలు దాదాపు వారంపాటు నిలిచిపోయినప్పుడు మిగతా ఉపగ్రహాలే ఆదుకున్నాయి. అయితే ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఈ సంకేతాలన్నీ నేలను చేరేసరికి రిసీవర్‌లో సహజంగా ఉండే రొదకన్నా బలహీనమవుతాయి, పైగా దగ్గర దగ్గర పౌనఃపున్యాల్లోనే ఉంటాయి. ఒకదాన్ని ముంచేసే జామర్ (సంకేతాలకు అడ్డుతగిలే పరికరం) తరచుగా అన్నింటినీ ముంచేస్తుంది. అందుకే ఒకే బలహీనతను పంచుకునే రెండు వ్యవస్థలను ఒకదానికొకటి ప్రత్యామ్నాయమని నేను ఒప్పుకోలేను. 2024లో జీపీఎస్ అంతరాయాల వల్ల ఫిన్‌ఎయిర్ సంస్థ ఎస్టోనియాలోని టార్టుకు నెలరోజులపాటు విమానాలు ఆపివేసింది. నేలమీది పరికరాల ఆధారంగా దిగే పద్ధతి ఏర్పాటయ్యాకే అవి మళ్లీ మొదలయ్యాయి.

దారి ఒక్కటే కాదు, టెలిఫోన్, విద్యుత్ వ్యవస్థలు కాలాన్ని కూడా ఈ ఉపగ్రహాల నుంచే తీసుకుంటాయి. 2016 జనవరి 26న కొన్ని జీపీఎస్ ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్ల తేడాతో సమయాన్ని ప్రసారం చేస్తే, అనేక దేశాల్లో ప్రసార పరికరాలు హెచ్చరికలతో నిండిపోయాయి. అలాంటి చోట స్వతంత్రంగా నడవగల మంచి గడియారం ఉండి తీరాలి.

శక్తిమంతమైన, తక్కువ పౌనఃపున్యపు సంకేతాలతో నడిచిన లోరాన్-సిని అమెరికా 2010లో మూసివేయడం తొందరపాటేనని నా అభిప్రాయం. కానీ అది ఉన్న రోజుల్లోనే రాయల్ మెజెస్టీ దారి తప్పింది. ప్రత్యామ్నాయాన్ని అమర్చడంతో పని పూర్తి కాదు. రెండింటి మధ్య తేడా వచ్చిన క్షణంలో ఎవరో ఒకరికి తెలియాలి. ఆ ఓడలో నీటి లోతు తగ్గితే హెచ్చరించే పరికరం కూడా ఉంది. దాని అలారం సున్నా మీటర్ల దగ్గర మోగేలా పెట్టి ఉంది.