పిన్నికి నా గొంతుతో ఫోన్

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా పిన్నికి ఫోన్ వచ్చింది, అచ్చం నా గొంతే, ఏడుస్తూ, పంజాగుట్టలో యాక్సిడెంట్ అయింది అర్జెంటుగా 40 వేలు పంపమని. నేనేమో ఆఫీసులో చాయ్ తాగుతున్నా. పిన్నికి అనుమానం ఎక్కడొచ్చిందంటే, ఆ గొంతు తనను ‘మీరు’ అందట. ఊహ తెలిశాక నేను పిన్నిని మీరు అన్నదే లేదు!

2023లోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 3 సెకన్ల రికార్డింగ్‌ ఉంటే చాలు, ఏఐతో గొంతును అనుకరించి చూపించారు, ఇక నా రీల్స్ నిండా నా వాగుడే కదా. 2024లో బయటపడిన హాంకాంగ్ కేసులో ఒక కంపెనీ ఉద్యోగికి వీడియో కాల్‌లో కనిపించిన బాసులు కూడా డీప్‌ఫేకులే, అంటే ఏఐతో చేసిన నకిలీ మనుషులే, కంపెనీకి పోయింది 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు.

ఇప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే అడగడానికి ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకున్నాం. డబ్బు పోతే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే అది నాలుగైదు ఖాతాలు దాటేస్తుంది. అన్నట్టు, ఆ రహస్య మాట ఎంచింది పిన్నే, గోంగూర అనుకునేరు, కాదు.