సబ్సిస్టెన్స్‌కి మా అమ్మ చెప్పిన మాట

మంగళవారం, రాత్రి పదిన్నర. గదిలో మిగతా ఇద్దరూ పడుకున్నారు. టేబుల్ లైట్ మీద చున్నీ కప్పి రాస్తున్నాను.

ఆదివారం రాసిన వ్యాసాన్ని అక్క ఈ రోజు దిద్ది ఇచ్చింది. అక్క మా హాస్టల్లోనే పై అంతస్తులో ఉంటుంది. నాలాగే తెలుగు మీడియం, సివిల్స్ మెయిన్స్ రెండుసార్లు రాసింది. చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ తాగుతూ నా చేతికి కాగితాలు ఇచ్చి, "ముందు నువ్వే చూసుకో, తర్వాత మాట్లాడదాం" అంది.

పన్నెండు పేజీలు. మార్కులు వేయలేదు. మొదటి పేజీలో ఒక మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. పేజీలు తిప్పుతుంటే అదే మాట, అదే సున్నా. జీవనోపాధి, జీవనోపాధి, జీవనోపాధి. లెక్కపెట్టాను, పదిహేడు ఉన్నాయి.

ప్రశ్న 2017 సివిల్స్ మెయిన్స్‌లో వచ్చినది. మన దేశంలో ఎక్కువమంది రైతులకు వ్యవసాయం 'సబ్సిస్టెన్స్' ఇచ్చే శక్తిని కోల్పోయింది, దాని మీద రాయమన్నారు. యూపీఎస్సీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. జవాబు మాత్రం తెలుగులో రాయొచ్చు. అంటే మా మొదటి పరీక్ష అనువాదం దగ్గరే మొదలవుతుంది. నేను సబ్సిస్టెన్స్‌ని జీవనోపాధి అనుకున్నాను. అనుకున్నాక కలం దానంతట అదే ఉపాధి వైపు వెళ్లిపోయింది. నిరుద్యోగం, వలసలు, ఉపాధి హామీ, నైపుణ్య శిక్షణ అన్నీ రాశాను. అన్నీ నిజాలే, ఒక్కటీ తప్పు లేదు. కానీ అడిగింది అది కాదు.

"ఉపాధి అంటే పని. ఇక్కడ రైతుకి పని లేదని ఎవరన్నారు? పొద్దస్తమానం పనే కదా. సబ్సిస్టెన్స్ అంటే బతకడం. ఆ పనితో ఇంట్లోవాళ్ళు బతకగలరా అని ప్రశ్న ఇచ్చినవాడు అడిగాడు" అంది అక్క. ఆ ఒక్క మాటతో పన్నెండు పేజీలూ వేరే ప్రశ్నకి జవాబులా కనిపించాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కో వ్యాసానికి 125 మార్కులు, మూడు గంటల్లో రెండు రాయాలి. అక్కడ ఇదే పొరపాటు చేస్తే ఇంకో ఏడాది.

గాంధీ గారి మాటతో మొదలుపెట్టడం కూడా కొట్టేసింది. కోచింగ్‌లో అలాగే మొదలుపెట్టాలని చెప్పారని అన్నాను. ఆ మాట తీసేస్తే నీ వ్యాసానికి ఏమైనా లోటు ఉందా అని అడిగింది. లేదు.

తర్వాత గంటసేపు ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని కూర్చున్నాం. నాకు ఈ రోజు మొత్తంలో బాగా నచ్చింది ఆ గంటే. అక్క ప్రశ్నలోని ఒక్కో మాటనీ విడివిడిగా రాయించింది. 'కోల్పోయింది' అన్నాడంటే ఒకప్పుడు ఉండేదనే కదా, ఎప్పుడు ఉండేది? నేను దాని గురించి ఆలోచించనే లేదు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ ప్రాంతాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల దగ్గరున్న అప్పు పత్రాలు తగలబెట్టారు. 1876-78 కరువు వచ్చింది. మరి ఆ రోజుల్లో వ్యవసాయం కడుపు నింపిందని ఎలా అంటాం? అందరికీ ఎప్పుడూ ఉండని దాన్ని కోల్పోయింది అనొచ్చా? ఈ అనుమానమే ఒక పేజీ అవుతుంది. అదీ నా సొంత పేజీ, ఏ నోట్సులోనూ దొరకదు.

'ఎక్కువమంది' అన్నదానికి లెక్క కావాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన కమతాల్లో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే. సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16కి 1.08 హెక్టార్లు. ఆదివారం ఈ అంకెలు రాశాను కానీ మూడో పేజీలో ఊరికే పడేశాను, వాటితో ఏమీ చెప్పించలేదు. అక్క ఇంకో అంకె ఇచ్చింది. జాతీయ నమూనా సర్వేలో 2012-13లో రైతు కుటుంబం సగటు నెలసరి ఆదాయం 6,426 రూపాయలు. అందులో పంట మీద 3,081, కూలి, జీతాల మీద 2,071. 2018-19కి మొత్తం 10,218 అయింది. పంట మీద 3,798, కూలి, జీతాల మీద 4,063. పంటని కూలి దాటేసింది. రైతు అని పిలిపించుకునే ఇంటికి సొంత చేను కన్నా బయటి కూలే ఎక్కువ తెచ్చిపెడుతోంది. వ్యాసానికి వెన్నెముక ఇదే అనిపించింది. ఇంతకు ముందు నేను అంకెల్ని గుర్తుపెట్టుకోవడమే చదువు అనుకున్నాను.

సాయంత్రం ఏడింటికి అమ్మ ఫోన్ చేసింది. మాకు దేవరకొండ వైపు రెండెకరాలు పత్తి, బావి కింద అరెకరం వరి. "ఏం జేస్తున్నవ్ అమ్మా" అని అడిగితే, "పొద్దుగాల్నుంచి పత్తి ఏరనీకి పోయిన" అంది. మన చేనుకా అంటే కాదట, పక్కూరు వాళ్ళ చేనుకి, కిలోకి ఇంతని కూలి. మా పత్తి రెండో తీతకి ఇంకా వారం పడుతుందట. 4,063 అన్న అంకె నాతో ఫోన్లో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

అప్పుడు అడిగాను. మన ఎవుసం మనకి సరిపోతుందా అమ్మా అని. కాసేపు ఆగి అంది: "తిండికైతే ఎల్లుతది బిడ్డా. ఇల్లే ఎల్లది."

ఫోన్ పెట్టేసి ఆ రెండు ముక్కలూ చేతి మీద రాసుకున్నాను. అరెకరం వరి మా ముగ్గురికీ బియ్యం ఇస్తుంది. అంటే వ్యవసాయం తిండి పెట్టే శక్తిని పూర్తిగా కోల్పోలేదు. కానీ విత్తనాలు, మందులు, నాన్న షుగర్ మాత్రలు, నా హాస్టల్ ఫీజు దాని మీద గడవవు. సబ్సిస్టెన్స్ అంటే తిండి గడవడమా, ఇల్లు గడవడమా? పాత రోజుల్లో ఈ రెండూ ఇంచుమించు ఒకటే అయి ఉండాలి. ఇప్పుడు వేరైపోయాయి. ప్రశ్నతో ఒప్పుకోవాల్సిన చోటు, ఒప్పుకోకూడని చోటు రెండూ అందులోనే దొరికాయి.

అమ్మ పేరు, ఊరు పేరు రాయకూడదు. జవాబు పత్రంలో మనం ఎవరో తెలిసేలా ఏదీ ఉండకూడదన్నది నియమం. అందుకని 'రెండున్నర ఎకరాలున్న ఒక మెట్ట ప్రాంతపు కుటుంబం' అని రాస్తున్నాను.

గంట నుంచి మొదటి పేరానే తిరగరాస్తున్నాను. జీవనోపాధి ఎక్కడా లేదు. 'బతుకు గడవడం' అని పెట్టాను. పరీక్షలో ఇది మరీ మాట్లాడే భాషలా ఉంటుందేమో అని టెన్షన్, రేపు అక్కని అడగాలి. వరి గురించిన పేరా నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయింది. పోయినేడు అరెకరంలో ఎన్ని బస్తాలు వచ్చాయో, అందులో ఎన్ని ఇంటికి ఉంచుకున్నారో నాకు తెలియదు. అమ్మ ఐదింటికే లేస్తుంది. కూలికి వెళ్లేలోపు ఫోన్ చేయాలి.