అంకుడు కర్ర, చెరకు గడ

అనకాపల్లి జిల్లాలోని మన ఊరు ఏటికొప్పాక అనగానే బయటివాళ్లకు లక్కబొమ్మలే గుర్తొస్తాయి. ఇక్కడి బడిలో మనం కలిసి చదువుకున్న తరగతిలో మాత్రం బొమ్మలు చేసేవాళ్ల పిల్లల పక్కనే చెరకు రైతుల పిల్లలూ కూర్చునేవాళ్లు. చెరకు గురించి ఎవరూ రాయరు కాబట్టి ముందు అదే చెప్తాను. 1933లోనే ఇక్కడ సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. దేశంలో ఈ పద్ధతిలో వచ్చిన తొలి ఫ్యాక్టరీల్లో అదొకటి. గానుగాడించి, బెల్లం వండి, అనకాపల్లి మార్కెట్‌కి తోలి, అక్కడ పలికిన ధరకి తలూపి వచ్చే రైతుకి, ఫ్యాక్టరీలో తనకూ వాటా ఉందంటే ఎంత ధైర్యం! ఆ రోజుల్లో ఇంత ముందుచూపు ఉన్న ఊరు మనదని బడిలో మనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది.

ఇక బొమ్మలు. తరిమెన (కర్రను తిప్పే యంత్రం) మీద అంకుడు చెట్టు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనిస్తారు. తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. నునుపు తేలాక రంగు లక్క కడ్డీని అదిమి పడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది, వేరే పొయ్యి అక్కర్లేదు. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే వచ్చే మెరుపు ఉంది చూశారూ, ఏ వార్నిష్‌కీ రాదు. కుంకుమ భరిణెలు, బొంగరాలు, లక్కపిడతలు అన్నీ ఇలా పుట్టినవే.

మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి. చవక, పని త్వరగా అవుతుంది. కానీ పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు కదా! మన ఊరి సి.వి.రాజు గారు పసుపు, నీలి, ఎర్రరంగునిచ్చే జాఫరా గింజల్లాంటి వాటితో రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. 2017లో మన బొమ్మలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన బొమ్మల శకటం. టీవీలో అది చూసి నేను ఏడ్చేశాను.

నా బెంగంతా కర్ర గురించే. తేలికగా, మెత్తగా, పాలలా తెల్లగా ఉండే అంకుడు లేకపోతే ఈ పనే లేదు. కొమ్మ కొట్టినా మళ్లీ చిగురించే చెట్టు అది. ఊళ్లో ఉన్నా, ఊరు విడిచి వెళ్లినా, ఈ వానాకాలం మనమంతా తలా ఒక మొక్క తెచ్చి బడి ప్రహరీ వెంట నాటుదాం. నీళ్లు పోసే బాధ్యత ఇక్కడే ఉంటున్న మన బ్యాచ్ వాళ్లు తీసుకుంటామన్నారు.