గుంపు వాగు దాటిన రాత్రి

చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మా మామ చెరకు తోటలో ఏనుగుల గుంపు పడిన మరునాటి ఉదయం నేను అక్కడే ఉన్నాను. తిన్న చెరకు కంటే తొక్కిన చెరకే ఎక్కువ. డ్రిప్ పైపులు నలిగి బురదలోకి దిగిపోయాయి, చేటంత అడుగుల్లో నీళ్లు నిలిచాయి. "చెరకు మళ్లీ పిలక వేస్తుంది నాయనా, ఈ పైపులు ఎవరిస్తారు?" అని మామ అడిగాడు. ఆయన పెట్టుకున్న అర్జీకి పరిహారం అందేసరికి తర్వాతి పంట కోతకు వచ్చింది.

కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి 1980లలో ఈ కొండలకు చేరిన ఏనుగుల కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రోజుకు వంద కిలోలకు పైగా మేత కావలసిన జంతువుకు, వేసవిలో ఎండిపోయే ఈ ముళ్ల అడవి పక్కనే చెరకు, అరటి, మామిడి కనిపిస్తే అది ఆగుతుందని ఎలా అనుకోగలం? కందకం తవ్వుదామంటే బండరాళ్లు అడ్డం, తవ్విన చోట వానకు గట్లు విరిగి పూడిపోతుంది. సోలార్ కంచె మీదికి ఏనుగు చెట్టును తోసి దారి చేసుకుంటుంది. దంతానికి షాక్ తగలదు కనుక దానితో తీగనూ తెంపుతుంది. 2025 మేలో అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులు కర్ణాటక నుంచి వచ్చినందుకు నిజంగా సంతోషించాను. కానీ ఇంత పొడవైన అడవి అంచున ప్రతి రాత్రీ, ప్రతి చేను దగ్గరా అవి ఉండలేవు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది చేని చుట్టూ దొంగచాటుగా లాగే కరెంటు తీగ. దానికి ఏనుగూ బలవుతుంది, చీకట్లో కాపలాకు వెళ్లే మనిషీ బలవుతాడు. అది క్షమించరాని పనే. అయినా నష్టపోయిన నెలలోపే డబ్బు, పైపుల ఖర్చుతో సహా, చేతికి వస్తే ఆ తీగ జోలికి పోయేవాళ్లు చాలావరకు తగ్గుతారని మా ఊరిని చూసి గట్టిగా నమ్ముతున్నాను. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారిపై వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. గుంపు కదలిక ముందే తెలియడం మనుషులకే కాదు, ఏనుగులకూ అంతే అవసరం.

మొన్న చీకటి పడే వేళ, గుంపు వాగు దాటిందని, ఏనుగుల జాడ కనిపెట్టే ట్రాకర్ కుర్రవాడు మామకు ఫోన్ చేశాడు. మామ ఆ రాత్రి మంచె దగ్గరకు వెళ్లలేదు. తెల్లవారి చూస్తే నాలుగు సాళ్ల చెరకు పోయింది. గట్టు మీద కూర్చుని, పగిలిన పైపులను మూరలతో కొలుస్తున్నాడు.