ఎస్సెమ్మెస్ చదివే చేతికి రిలే ఇవ్వొద్దు

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో బోరు మోటారుకు ఫోన్ స్టార్టర్ ఇప్పుడు మామూలు వస్తువు. అందులో ఉండేది ఒక జీఎస్ఎం మోడెమ్, ఒక మైక్రోకంట్రోలర్, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటిచ్చే రిలే, మూడు ఫేజుల మీద కరెంటు కొలిచే సీటీలు. తోటకు పోకుండానే మోటారు ఆడించొచ్చు. బోరు ఎండితే డ్రై రన్ పట్టుకుని అదే ఆపేస్తుంది. ఇలాంటివి చేసేవాళ్లు ఎక్కువగా చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఫ్రీఆర్‌టీఓఎస్ మీద నాలుగైదు టాస్కులు, అంటే పక్కపక్కనే నడిచే చిన్న ప్రోగ్రాములు, రాసుకుంటారు. మామూలు పద్ధతిలో కట్టినప్పుడు ఆ టాస్కులన్నింటికీ మెమరీ ఒక్కటే. గోడల్లేని ఒకే గదిలో అందరూ కాపురమున్నట్టు.

దీంతో వచ్చే చిక్కు ఎలాంటిదో ఒక్క ఉదాహరణలో తెలిసిపోతుంది. ఎస్సెమ్మెస్ అంటే 160 అక్షరాలే కదా అని 161 బైట్ల బఫర్ (వచ్చిన అక్షరాలు దాచే చోటు) పెడతారు. అది ఇంగ్లిష్ మెసేజ్ లెక్క. తెలుగులో వచ్చిన మెసేజ్ యూసీఎస్2 రూపంలో, అక్షరానికి రెండు బైట్ల లెక్కన, ఉంటుంది. 140 బైట్ల సరుకును మోడెమ్ టెక్స్ట్ మోడ్‌లో హెక్స్ అంకెలుగా మార్చి ఇస్తే 280 అక్షరాలవుతాయి. కాబట్టి దాడి చేసేవాడు రానక్కర్లేదు, ఏదో కంపెనీ పంపిన తెలుగు ప్రకటన చాలు, బఫర్ దాటి పక్క మెమరీ మీద రాసేస్తుంది. ఆ పక్కన డ్రై రన్ పరిమితి ఉందనుకోండి, మోటారు నీళ్లు లేకుండా ఆడుతూనే ఉంటుంది. ఇక కావాలని పంపేవాడైతే రిలే కలిపే ఫంక్షన్ దాకా పోగలడు.

మైక్రోకెర్నల్ ఇక్కడ పనికొస్తుంది. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు, హార్డ్‌వేర్ మీద పూర్తి హక్కులున్న భాగం. ఈ పద్ధతిలో కెర్నల్‌లో అత్యవసరమైనవే ఉంచుతారు: టాస్కుల మార్పిడి, వాటి మధ్య మెసేజ్‌లు, మెమరీ కాపలా, ఇంటరప్టును (హార్డ్‌వేర్ ఇచ్చే పిలుపు) దాని డ్రైవరుకు చేర్చడం. డ్రైవర్లు, ప్రోటోకాల్ చదివేవి, ఫైళ్లు అన్నీ బయట, ఎవరి గదిలో వాళ్లు. మెసేజ్‌లతో నడిస్తే నెమ్మది అనే పేరు మాక్ అనే పాత మైక్రోకెర్నల్ కాలంలో వచ్చింది. 1993లో యోఖెన్ లీట్కె తన ఎల్4 మైక్రోకెర్నల్‌తో ఆ లెక్క మార్చేశాడు. ఇప్పటి మంచి కెర్నళ్లలో ఒక మెసేజ్‌కు కొన్ని వందల క్లాక్ సైకిళ్లు పడతాయి. 168 మెగాహెర్ట్జ్ చిప్ మీద, రోజుకు పది మెసేజ్‌లు చదివే స్టార్టర్‌కు అదొక ఖర్చే కాదు.

2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు లైనక్స్‌లో అతి తీవ్రమైనవిగా నమోదైన 115 లోపాలను ఒక్కొక్కటిగా చూశారు. మైక్రోకెర్నల్ కట్టడంలో అయితే వాటిలో 96 శాతం అంత తీవ్రంగా ఉండేవి కావని తేల్చారు. మంచి మాటే. అయితే కెర్నల్ మార్చగానే పని అయిపోయిందనుకునేవాళ్లు 2015 నాటి జీప్ చెరోకీ సంగతి చూడాలి. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే భద్రతా పరిశోధకులు దూరం నుంచి ఆ కారు బ్రేకులు, స్టీరింగ్ దాకా పోయారు. కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. ఆ కారు పాటల పెట్టెలో నడుస్తున్నది క్యూనెక్స్, పేరున్న మైక్రోకెర్నలే. కానీ మొబైల్ నెట్‌వర్క్ వైపు 6667 పోర్టు తెరిచి ఉంది, దాని వెనక రూట్ హక్కులతో ఒక సర్వీసు ఉంది, పైగా కారులోని భాగాలు మాట్లాడుకునే క్యాన్ బస్ తీగలకు కలిపిన పక్క చిప్ సంతకం చూడకుండానే కొత్త ఫర్మ్‌వేర్ తీసుకుంది. ఇంట్లో గదులు కట్టి అన్ని తాళంచెవులూ వీధి వాకిట్లో గూట్లో పెట్టినట్టు. ఏ టాస్కుకు ఏ రిజిస్టరు (హార్డ్‌వేర్‌ను ఆడించే అడ్రసు) చేతికివ్వాలి, ఏది ఎవరికి మెసేజ్ పంపొచ్చు అనే పట్టికను కెర్నల్ రాసిపెట్టదు. అది రాయాల్సింది మనమే.

స్టార్టర్‌కు ఆ పట్టిక ఇలా ఉండాలి. మోడెమ్ డ్రైవరుకు యూజార్ట్ అనే సీరియల్ పోర్టు ఒక్కటే. మెసేజ్ చదివే టాస్కుకు ఏ పెరిఫెరలూ (చిప్‌లోని హార్డ్‌వేర్ భాగం) వద్దు. కరెంటు కొలిచే టాస్కుకు, కొలతను అంకెగా మార్చే ఏడీసీ. రిలే పిన్ను మాత్రం మోటారు కాపలా టాస్కుకే. చదివే టాస్కు నుంచి కాపలా టాస్కుకు పోయేది 8 బైట్ల కట్టుదిట్టమైన మెసేజ్: ఆదేశానికి ఒక బైటు, ఎన్ని నిమిషాలు ఆడాలో రెండు, వరుస సంఖ్యకు రెండు, మిగతావి సున్నాలు. అక్షరాల వరుసలు (స్ట్రింగులు) ఈ గీత దాటకూడదు. కాపలా టాస్కు ఆ ఆదేశాన్ని గుడ్డిగా పాటించదు. ఆపి ఎంతసేపైంది, మూడు ఫేజులూ ఉన్నాయా, అడిగిన నిమిషాలు పరిమితిలోనే ఉన్నాయా చూసుకుంటుంది. అప్పుడు చదివే టాస్కు పూర్తిగా పరుల చేతికి చిక్కినా వాడు చేయగలిగేది ‘ఆన్’, ‘ఆఫ్’ అని అడగడమే. నిమిషానికి పదిసార్లు కాంటాక్టర్ కొట్టించి మోటారు కాల్చలేడు.

ఎస్‌టీఎం32ఎఫ్407 లాంటి కార్టెక్స్-ఎం4 చిప్‌లో ఎంఎంయూ (పెద్ద ప్రాసెసర్లలో ప్రతి ప్రోగ్రాముకూ విడి మెమరీ చూపించే భాగం) ఉండదు, 8 రీజియన్ల ఎంపీయూ (ఏ అడ్రసులు ముట్టుకోవచ్చో కాపలా కాసే భాగం) ఉంటుంది. ఎక్కువమంది చేతులు కాలేది ఇక్కడే. రీజియన్ సైజు 2కు ఘాతంగానే (32, 64, 128 ఇలా) ఉండాలి, కనీసం 32 బైట్లు, మొదలయ్యే అడ్రసు ఆ సైజుకు గుణిజంగా ఉండాలి. టాస్కుకు 5 కేబీ కావాలంటే 8 కేబీ రీజియన్ తీసుకోవాలి. దాన్ని హార్డ్‌వేర్ ఎనిమిది ముక్కలుగా చూస్తుంది కాబట్టి చివరి మూడు ముక్కలు ఆపేస్తే సరిగ్గా 5 కేబీ మిగులుతుంది. రెండు రీజియన్లు ఒకదానిమీద ఒకటి పడితే పెద్ద నంబరుదే చెల్లుతుంది. ఇది మరిచి రాసిన పట్టికలు పైకి బాగానే కనిపిస్తాయి.

ఇంకో తప్పు, రీజియన్లు సరిపోవడం లేదని హెక్సాలో 40020000 దగ్గర్నుంచి 64 కేబీ మొత్తం ఒకే రీజియన్‌గా మోడెమ్ డ్రైవరుకు ఇచ్చేయడం. ఆ 64 కేబీలో పిన్నులను ఆడించే జీపీఐఓ పోర్టులన్నీ ఉన్నాయి, 40023800 దగ్గర క్లాక్, రీసెట్ రిజిస్టర్లున్నాయి, 40026000 దగ్గర ప్రాసెసర్ సాయం లేకుండా డేటా మోసే డీఎంఏ ఉంది. ఇల్లంతా రాసిచ్చినట్టే. ఒక్కో జీపీఐఓ పోర్టు 1 కేబీ పరిధిలో ఉంటుంది. పోర్టులోని పిన్నులను మాత్రం ఎంపీయూ విడదీయలేదు. కాబట్టి బోర్డు గీసేటప్పుడే ఆలోచించాలి: రిలే పోర్టు బీ మీద ఉంటే మోడెమ్ పవర్ కీ పిన్ను ఆ పోర్టు మీద పెట్టొద్దు. యూజార్ట్2ను పోర్టు ‘ఏ’ మీదో, పోర్టు ‘డీ’ మీదో తెచ్చుకోవచ్చు. సెక్యూరిటీ లోపం సర్క్యూట్ గీసే దగ్గరే పుట్టిందంటే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పూడ్చలేం. క్లాక్ రిజిస్టర్లను బూట్ సమయంలో కెర్నల్ ఒకసారి సర్దేసి, తర్వాత ఏ టాస్కుకూ ఇవ్వకూడదు. అవి చేతిలో ఉన్నవాడు పోర్టు బీని రీసెట్ చేసేయగలడు.

డీఎంఏ గురించి విడిగా చెప్పాలి. ఎంపీయూ ప్రాసెసర్‌కే కాపలా, డీఎంఏ దాని పక్కనుంచి నేరుగా మెమరీలోకి పోతుంది. డీఎంఏ రిజిస్టర్లు దొరికిన టాస్కుకు మొత్తం ర్యామ్ దొరికినట్టే. వద్దనుకుంటే యూజార్ట్ ఏడిపిస్తుంది. 115200 బాడ్ వేగం దగ్గర ప్రతి 87 మైక్రోసెకన్లకు ఒక బైటు వస్తుంది, ఈ చిప్ యూజార్ట్‌కు ఫిఫో (వచ్చిన బైట్లు వరుసగా దాచే చోటు) లేదు. కాపలా టాస్కు ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి అది కరెంటు లెక్కలు చూస్తుండగా మోడెమ్ డ్రైవరుకు వంతు రాకపోతే ఓవర్‌రన్ అయి అక్షరాలు పోతాయి. అప్పుడు అందరూ డీఎంఏ వైపు పరుగెత్తుతారు. నా మాట వింటే బాడ్ 9600కు దించండి. బైటుకు 1.04 మిల్లీసెకన్లు, 160 అక్షరాల మెసేజ్‌కు 167 మిల్లీసెకన్లు. చీనీ చెట్టుకు ఆ ఆలస్యం తెలియదు. మరీ వేగం కావాలంటే, ‘కాస్త ఆగు’ అని మోడెమ్‌కు చెప్పే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు కలపండి.

మెసేజ్‌ల దిక్కు కూడా ముందే తేల్చుకోవాలి. కాపలా టాస్కు ‘మోటారు ఆగింది’ అని ఎస్సెమ్మెస్ పంపించమని మోడెమ్ టాస్కును పిలిచి జవాబు కోసం ఆగిందనుకోండి. సిగ్నల్ లేదు, మోడెమ్ పలకదు, కాపలా టాస్కు అక్కడే కూర్చుంటుంది, ఈలోగా డ్రై రన్ చూసేవాడు లేడు. అందుకే జవాబు కోసం ఆగే పిలుపు తక్కువ ప్రాధాన్యం ఉన్నవాడి నుంచి ఎక్కువ ప్రాధాన్యం ఉన్నవాడికే పోవాలి. హ్యూబ్రిస్ అనే చిన్న చిప్‌ల మైక్రోకెర్నల్‌లో దీన్నే ఎత్తు వైపు పంపడం అంటారు. కిందికి పోయేది నోటిఫికేషన్ బిట్టే. అది పెట్టేసి మన పనికి మనం పోతాం, మోడెమ్ టాస్కు తీరిక చూసుకుని వచ్చి వివరం అడుగుతుంది. చదివే టాస్కు పడిపోయి మళ్లీ లేస్తే పాత ఆదేశాన్నే తిరిగి పంపొచ్చు, వరుస సంఖ్య పెట్టింది దానికోసమే. వాచ్‌డాగ్‌ను (తట్టకపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమరు) తట్టే పని కాపలా టాస్కుకే ఇవ్వండి, ఖాళీగా ఉన్నప్పుడు నడిచే ఐడిల్ టాస్కుకు కాదు.

ఏది వాడాలి? హ్యూబ్రిస్ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, డ్రైవర్లు కూడా హక్కుల్లేని టాస్కులే, టాస్కుల జాబితా బిల్డ్‌లోనే ఖాయం. ఈ పనికి ఎత్తు కొలిచి కుట్టినట్టుంటుంది, కాకపోతే రస్ట్ నేర్చుకోవాలి. సీ భాషలోనే ఉండాలంటే జెఫిర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో యూజర్‌స్పేస్ (హక్కులు తగ్గించి నడిపే సదుపాయం) ఆన్ చేసి చదివే టాస్కును యూజర్ థ్రెడ్‌గా నడపొచ్చు. అది మైక్రోకెర్నల్ కాదు, డ్రైవర్లు కెర్నల్ వైపే ఉంటాయి. అయినా పైన చెప్పిన 280 అక్షరాల గొడవ అక్కడే ఆగిపోతుంది. ఫ్రీఆర్‌టీఓఎస్‌కు కూడా ఎంపీయూ పోర్టు ఉంది, ఎవరూ ఆన్ చేయరంతే.

ఎల్4 వంశంలోని సెల్4 మైక్రోకెర్నల్ పేరు వినగానే దాన్నే స్టార్టర్‌లో పెడదామనుకుంటారు. దానికి ఎంఎంయూ కావాలి, కార్టెక్స్-ఎం మీద నడవదు. అది తగిన చోటు వేరు. కర్నూలు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి ప్లాంటులో ఇన్వర్టర్లను ఆర్ఎస్-485 తీగల మీద మోడ్‌బస్ అనే ప్రోటోకాల్‌తో అడిగి లెక్కలు పైకి పంపే గేట్‌వేలను తీసుకోండి. మోడ్‌బస్‌కు పాస్‌వర్డు అంటూ లేదు, అడిగినవాడికల్లా పలుకుతుంది. ఫంక్షన్ 3, 4 రిజిస్టర్లు చదువుతాయి, 6, 16 రాస్తాయి. గేట్‌వేలో లైనక్స్‌ను సెల్4 మీద ఒక గదిలో పెట్టి, సీరియల్ పోర్టును వేరే గదికిచ్చి, మధ్యలో 3, 4 మాత్రమే దాటనిచ్చే కాపలాదారును పెడితే, లైనక్స్ పోయినా ఇన్వర్టర్ సెట్టింగులు పోవు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ప్రాజెక్టులో లిటిల్ బర్డ్ హెలికాప్టర్ మీద చేసింది ఇలాంటి పనే. కెమెరా నడిపే లైనక్స్ భాగాన్ని దాడి చేసే బృందం చేతికే ఇచ్చారు, వాళ్లు అక్కడినుంచి బయటికి రాలేకపోయారు.

సెల్4 సీ కోడు దాదాపు 8,700 లైన్లు. స్పెసిఫికేషన్‌లో రాసినట్టే అది నడుచుకుంటుందని 2009లో గణితంగా నిరూపించారు. ఆ నిరూపణ హార్డ్‌వేర్ సరైనదని, బూట్ కోడు సరైనదని ముందే అనుకుని మొదలవుతుంది. నెట్‌వర్క్ కార్డు డీఎంఏకు అడ్డుగా ఎస్ఎంఎంయూ లేని చిప్ కొంటే ఆ నిరూపణ మీకు పెద్దగా అక్కరకు రాదు.

గోడలతో సంబంధం లేని కంతలు రెండున్నాయి. పంపిన నంబరు చూసి నమ్మే స్టార్టర్‌ను దొంగ నంబరుతో ఎవరైనా ఆడించొచ్చు, ప్రతి మెసేజ్‌కూ మారే కోడు పెట్టాలి. పొలంలో పెట్టె తెరిచి డీబగ్ పిన్నులు పట్టుకునేవాడికి రీడౌట్ ప్రొటెక్షన్ (చిప్‌లోని కోడు బయటికి చదవనివ్వని సెట్టింగు) అడ్డు. రెండో లెవెల్ పెడితే మళ్లీ తీయలేరు కాబట్టి ఆఖరి బోర్డుకే పెట్టండి. ప్యానెల్‌లోని ఓవర్‌లోడ్ రిలేను ‘మన పెట్టె ఉంది కదా’ అని తీసేయొద్దు.

పట్టిక సరిగ్గా రాశారో లేదో ఐదు నిమిషాల్లో తేలుతుంది. మోటారు తీగలు ఊడదీసి, మోడెమ్ టాస్కులో ఒక్క లైను చేర్చండి: హెక్సా 40020418కు రిలే బిట్టు రాయమని. అది పోర్టు బీ పిన్నులను ఎత్తే రిజిస్టరు. ఎంపీయూ గీత దాటితే వచ్చే మెమ్‌మేనేజ్ ఫాల్టు రావాలి, ఫాల్టు అడ్రసు రిజిస్టరులో 40020418 కనిపించాలి, మోడెమ్ టాస్కు ఒక్కటే పడి లేవాలి. రిలే టక్కుమందంటే రీజియన్ల పట్టిక మళ్లీ మొదటినుంచి చూడండి.